సెల్లార్‌లో చెమ్మ: డీహ్యూమిడిఫయర్ కొనే ముందు నీళ్లెటు నుంచి వస్తున్నాయో చూడండి

వరంగల్‌లో పెద్ద వాన వెలిసిన రెండు మూడు రోజులకు రోడ్లు ఆరిపోతాయి. సెల్లార్లు ఆరవు. నీళ్లు తోడేశాక కూడా గోడల అడుగున నిమ్ము, లిఫ్ట్ గుంతలో వాసన, మీటర్ల డబ్బాల మీద తుప్పు, స్టోర్‌రూమ్‌లోని ఫైళ్లకు బూజు నెలల తరబడి ఉండిపోతాయి. దీనికి మందేమిటని ఆన్‌లైన్‌లో వెతికితే ముందుగా కనిపించేది డీహ్యూమిడిఫయర్. గాల్లోని తేమను లాగి నీళ్లుగా మార్చి, పైపు ద్వారా దానంతట అదే బయటకు పంపేస్తుందంటారు. మాట నిజమే. కానీ మన ఊళ్లోని చాలా సెల్లార్లకు ఆ మిషన్ పనికిరాదు. పనికొచ్చే చోట కూడా అంతకంటే ముందు చేయాల్సిన పనులు మూడు నాలుగు ఉన్నాయి. వాటిలో కొన్ని ఇంటివాళ్ల చేతిలో ఉన్నాయి, కొన్ని మున్సిపల్ కార్పొరేషన్ చేతిలో ఉన్నాయి.

చెరువుల మధ్య ఊరు

వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిసిన ఈ నగరం కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల మధ్య పెరిగింది. ఒక చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీరు కింది చెరువుకు చేరాలి. ఆ దారులే నేటి నాలాలు. హనుమకొండ వైపు నయీంనగర్ నాలా, వరంగల్ వైపు బొందివాగు ప్రధానమైనవి. శిఖం భూముల్లో, నాలాల ఒడ్డున కాలనీలు లేచాయి. ఆ కాలనీల్లో అపార్ట్‌మెంట్ల కింద మూడు మీటర్ల లోతున సెల్లార్లు తవ్వారు. అంటే నీరు సహజంగా వచ్చి నిలిచే చోట మనం గొయ్యి తీసి, అందులో కార్లు, కరెంటు ప్యానెళ్లు పెట్టుకున్నాం.

ఫలితం మూడుసార్లు కళ్లారా చూశాం. 2020 ఆగస్టులో నగరం రోజుల తరబడి నీళ్లలో ఉంది. అప్పటి మున్సిపల్ మంత్రి కేటీఆర్ వచ్చి చూసి నాలాల ఆక్రమణలు తొలగించాలని ఆదేశించారు. 2023 జులై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడి రాష్ట్ర రికార్డు నమోదైంది. అదే వానలకు వరంగల్ మునిగింది. జులై 29న భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుపాను వచ్చినప్పుడు హంటర్ రోడ్డు, ఎన్టీఆర్ నగర్, సమ్మయ్యనగర్ ప్రాంతాల పేర్లు మళ్లీ వార్తల్లోకెక్కాయి. ఐదేళ్లలో మూడుసార్లు జరిగినదాన్ని అనుకోని విపత్తు అనడం కష్టం.

ముందు పాలిథిన్ పరీక్ష

సెల్లార్‌లోకి నీరు మూడు దారుల్లో వస్తుంది. నేలలోంచి ఊట. గాల్లోని తేమ చల్లటి నేల మీద, గోడ మీద చెమటలా పట్టడం. ర్యాంప్ మీదుగా వాన నీరు, వరద నీరు దిగడం. మూడింటికీ వైద్యం వేరు. ఒకదాని మందు ఇంకోదానికి వాడితే డబ్బు పోతుంది తప్ప చెమ్మ పోదు.

మొదటి రెండింటినీ వేరు చేయడానికి ఇంజినీరు కూడా అక్కర్లేదు. మందపాటి పాలిథిన్ కవరును అడుగున్నర చదరం కత్తిరించి, తడిగా కనిపించే గోడకో నేలకో నాలుగు వైపులా గాలి చొరకుండా టేప్‌తో అంటించండి. ఒక రోజు వదిలేసి చూడండి. కవరు లోపలి వైపు, అంటే గోడ వైపు నీటి బొట్లు కనిపిస్తే అది ఊట. బయటి వైపు బొట్లు పట్టి లోపల పొడిగా ఉంటే అది గాల్లోని తేమ. రెండువైపులా ఉంటే రెండూ ఉన్నట్టే. వానాకాలంలో వరంగల్‌లో ఇది మామూలే.

రెండో రకం చాలామందిని తికమక పెడుతుంది. వాన లేని రోజున కూడా నేల తడిగా కనిపిస్తే పైపు లీకవుతోందని టైల్స్ పగలగొట్టించేవాళ్లున్నారు. నిజానికి బయట 30 డిగ్రీల వేడి, 85 శాతం తేమ ఉన్న గాలి సుమారు 27 డిగ్రీలకు చల్లబడితే చాలు, నీరు వదలడం మొదలుపెడుతుంది. సెల్లార్ నేల 26 డిగ్రీలు ఉందనుకోండి, చల్లటి సీసా మీద బొట్లు పట్టినట్టే దాని మీదా పడతాయి. ఇలాంటి రోజున గాలి ఆడాలని తలుపులన్నీ బార్లా తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే తడి పెరుగుతుంది. బయటి గాలి పొడిగా ఉన్న రోజున, అంటే చలికాలపు మధ్యాహ్నాల్లో, వేసవిలో అదే ఫ్యాన్ మంచి మందు. తేమ కొలిచే చిన్న మీటరు, హైగ్రోమీటర్, కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. లోపల ఒకటి, బయట ఒకటి పెట్టుకుంటే ఎప్పుడు తెరవాలో కొంత తెలుస్తుంది. బయటి వేడి, తేమ రెండూ లోపలికంటే తక్కువగా ఉంటే నిశ్చింతగా తెరవొచ్చు.

మిషన్ ఎంత లాగుతుంది, గాల్లో ఎంత ఉంది

చిన్న లెక్క వేద్దాం. 28 డిగ్రీల వేడి, 85 శాతం తేమ ఉన్న ఒక ఘనపు మీటరు గాల్లో దాదాపు 23 గ్రాముల నీరు ఉంటుంది. దాన్ని 55 శాతానికి దించితే 15 గ్రాములు మిగులుతాయి. అంటే ఘనపు మీటరుకు 8 గ్రాములు తీయాలి. నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తున్న మూసిన గదిలో మొత్తం కలిపి 300 గ్రాములు కూడా కాదు. గది గంటకోసారి బయటి గాలితో నిండుతుందనుకున్నా రోజుకు ఏడు లీటర్లే. ఇళ్లకు అమ్మే మిషన్లు రోజుకు 20 నుంచి 30 లీటర్లు లాగుతాయని రాసి ఉంటాయి. ఆ అంకె సాధారణంగా 30 డిగ్రీలు, 80 శాతం తేమ దగ్గర కొలిచింది. గది పొడిబారేకొద్దీ సగానికి పడిపోవచ్చు. అయినా మూసిన గదికి అది చాలు.

ఇప్పుడు అపార్ట్‌మెంట్ పార్కింగ్ సంగతి చూడండి. 20 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు అంటే 900 ఘనపు మీటర్లు. ఒకవైపు ర్యాంప్ పూర్తిగా తెరిచే ఉంటుంది. గంటకు నాలుగుసార్లు గాలి మారినా గంటకు 29 లీటర్లు, రోజుకు దాదాపు 700 లీటర్లు తీయాలి. పాతిక లీటర్ల మిషన్లు ముప్పై దాకా పెట్టాలన్నమాట. అవి తీస్తున్నంతసేపూ ర్యాంప్ నుంచి కొత్త తేమ వస్తూనే ఉంటుంది. వాకిలి తెరిచి ఏసీ వేసుకున్నట్టే.

కాబట్టి డీహ్యూమిడిఫయర్ పార్కింగ్‌కు కాదు, సెల్లార్‌లోని మూసిన గదులకు. ఎలక్ట్రికల్ ప్యానెల్ గది, సీసీ కెమెరాల రికార్డర్ ఉన్న గది, సంఘం రికార్డులు పెట్టుకునే స్టోర్ లాంటివి. తలుపు కింది సందుకు రబ్బరు పట్టీ వేసి, కేబుళ్లు వచ్చే రంధ్రాలు మూసి, 55 శాతం దగ్గర సెట్ చేసి వదిలేస్తే సరిపోతుంది. 50 కంటే కిందికి దించాల్సిన పనిలేదు, కరెంటు దండగ. 400 వాట్ల మిషన్ రోజుకు పది గంటలు నడిస్తే నాలుగు యూనిట్లు, నెలకు 120. ఆ వేడంతా గదిలోకే వస్తుంది కాబట్టి గది కాస్త వెచ్చబడుతుంది. అప్పటికే ఏసీ ఉన్న గది అయితే ముందు దాని డ్రై మోడ్ వాడి చూడండి. కొత్తగా ఇరవై వేలు దాటిన మిషన్ కొనక్కర్లేకపోవచ్చు.

ఆటోమేటిక్ డ్రైనేజీ అన్న మాటను ఇక్కడ విడదీసి చూడాలి. మిషన్‌లో చిన్న తొట్టి ఉంటుంది. అది నిండితే మిషన్ ఆగిపోతుంది. రోజూ ఒంపడానికి ఎవరో ఒకరుండాలి, వాచ్‌మన్ సెలవు పెడితే తేమ మళ్లీ మొదటికొస్తుంది. వెనక ఉన్న రంధ్రానికి పైపు తగిలిస్తే నీరు నిరంతరం పోతుంది. కానీ పైపు దిగువకు వాలాలి. సెల్లార్ కంటే దిగువన ఉండేది సంపు ఒక్కటే. వాలు లేకపోతే కండెన్సేట్ పంపు అనే బుల్లి మోటారు పెట్టాలి. ఆ సంపుకు మూత లేకపోతే తీసిన నీరే మళ్లీ ఆవిరై గాల్లో కలుస్తుంది.

సంపు, రెండు మోటార్లు, ఒక వాల్వ్

పాలిథిన్ పరీక్షలో ఊట అని తేలితే మిషన్ ఆలోచన పక్కన పెట్టండి. నేలలోంచి వచ్చే నీటికి దారి చూపించడమే పని. గోడల వెంబడి చిన్న కాలువ, అది వాలుగా వెళ్లి కలిసే సంపు, సంపులో ఫ్లోట్ స్విచ్ ఉన్న డీవాటరింగ్ మోటారు కావాలి. నీరు ఒక మట్టానికి చేరగానే ఫ్లోట్ పైకి లేచి మోటారు ఆన్ అవుతుంది, దిగగానే ఆగుతుంది. లోపలి గోడకు వాటర్‌ప్రూఫ్ రంగు పూసి ఊరుకుంటే బయటి నీటి ఒత్తిడికి అది ఒకటి రెండు వానాకాలాల్లో పొరలు పొరలుగా ఊడుతుంది. భవనాల సెల్లార్ల డ్రైనేజీకి భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 12251 పేరుతో ప్రత్యేక ప్రమాణమే ఇచ్చింది. కొత్తగా కడుతున్నవాళ్లు కాంట్రాక్టర్‌ను దాని పేరెత్తి అడగొచ్చు.

మోటార్లు రెండుండాలి. రెండో ఫ్లోట్ కాస్త ఎత్తులో ఉండాలి. మొదటిది కాలిపోయినా, నీరు ఎక్కువైనా రెండోది అందుకుంటుంది. దానికి మరికాస్త పైన మూడో ఫ్లోట్ ఒక అలారానికి కలిపితే ఖర్చు చాలా తక్కువ. అర్ధరాత్రి మోటారు పాడైన సంగతి పొద్దున కార్లు మునిగాక తెలియడం కంటే నయం. ఎత్తిన నీరు తిరిగి రాకుండా పైపుకు నాన్ రిటర్న్ వాల్వ్ తప్పనిసరి. ఈ వాల్వ్ లేకపోతే బయటి డ్రైన్ నిండినప్పుడు నీరు అదే పైపులోంచి సెల్లార్‌లోకి దిగుతుంది. తోడడానికి పెట్టిన పైపే ముంచడానికి దారి అవుతుంది.

ర్యాంప్ మీద పడే వానకు ఈ ఏర్పాటు సరిపోతుంది. 12 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పున్న ర్యాంప్ మీద గంటలో పది సెంటీమీటర్ల వాన కురిసినా వచ్చేది ఆరు వేల లీటర్లు. ఒక హెచ్‌పీ మోటారు నాలుగైదు మీటర్ల ఎత్తుకు గంటకు పది వేల లీటర్లు ఎత్తగలదు. మే నెలాఖరున సంపులో నాలుగు బకెట్ల నీళ్లు పోసి ఫ్లోట్ లేస్తుందో లేదో చూడటం సంఘం చేయాల్సిన పని. ఏడాదంతా కదలని ఫ్లోట్ బురదలో అతుక్కుపోయి ఉంటుంది.

రోడ్డు నీరు దిగితే ఏ మోటారూ ఆపలేదు

మూడో దారి వేరే లోకం. రోడ్డు మీద అడుగు లోతు నీరు నిలిచి, మూడున్నర మీటర్ల వెడల్పు ర్యాంప్ నోటి దగ్గర అడ్డేమీ లేకపోతే సెకనుకు వెయ్యి లీటర్ల దాకా లోపలికి దూకుతుంది. స్థూలమైన లెక్కే ఇది. పైన చెప్పిన 900 ఘనపు మీటర్ల సెల్లార్ నిండటానికి పావుగంట పడుతుంది. అర అడుగు నీటికైతే ముప్పావు గంట. మీ మోటారు సెకనుకు తోడేది మూడు లీటర్లు.

2024 జులై 27న ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ సెల్లార్‌లోని లైబ్రరీలోకి ఇలాగే రోడ్డు నీరు దూసుకొచ్చి ముగ్గురు సివిల్స్ అభ్యర్థులు చనిపోయారు. పార్కింగ్‌కు, సామాను నిల్వకు అనుమతి తీసుకున్న చోట చదువుకునే గది నడిపారు. కారు కోసం, బండి కోసం నీళ్లలోకి దిగే ముందు ఆ పావుగంట లెక్క గుర్తుంచుకోవాలి.

దీనికి నిజమైన రక్షణ ర్యాంప్ మొదట్లో ఉండే గడప. రోడ్డు కంటే అడుగో అడుగున్నరో ఎత్తుకు ఎక్కి, ఆ తర్వాత కిందికి దిగేలా ర్యాంప్ కడితే రోడ్డు నీరు అంత ఎత్తు చేరేదాకా లోపలికి రాదు. ఇప్పటికే కట్టేసిన చోట గేటు దగ్గర రెండువైపులా ఇనుప గాడులు బిగించి, వాన హెచ్చరిక రాగానే రబ్బరు అంచున్న పలకలు దించుకోవచ్చు. ఇసుక బస్తాలు ఆఖరి మార్గం.

అయితే గడప ఎత్తు ఎప్పటికీ అలాగే ఉండదు, ఇంటివాళ్ల తప్పు లేకుండానే తగ్గిపోతుంది. పాత రోడ్డును గీకకుండా దాని మీదే కొత్త సీసీ, కొత్త తారు పరుస్తూ పోతే రోడ్డు పెరుగుతుంది. పదేళ్ల కింద రోడ్డు కంటే అడుగు ఎత్తున్న ర్యాంప్ ఇప్పుడు రోడ్డుతో సమానమవుతుంది. కొన్నిచోట్ల ఇళ్ల వాకిళ్లే రోడ్డు కంటే దిగువకు పోయాయి. పాత పొర తీసి కొత్తది వేయడానికి ఖర్చు ఎక్కువన్నది కాంట్రాక్టు లెక్క. ఆ మిగులు వీధిలోని ప్రతి సెల్లార్ మీద నష్టంగా తేలుతోంది. కార్పొరేషన్‌ను నిలదీయాల్సిన అంశాల్లో దీన్ని నేను మొదట పెడతాను, ఎందుకంటే దీనికి కొత్త నిధులు, భూసేకరణ అక్కర్లేదు. టెండర్‌లో ఒక షరతు చాలు.

తోడిన నీరు ఎటు పోవాలి

ఒక అపార్ట్‌మెంట్ మోటారు వీధి మోరిలోకి పోస్తుంది. మోరి నాలాలోకి పోతుంది. నాలా నిండి ఉంటే ఆ నీరు పక్కింటి గేటు దగ్గర తేలుతుంది. వీధిలో పది సెల్లార్ల మోటార్లు ఒకేసారి నడిస్తే దిగువన ఉన్నవాళ్ల పరిస్థితి చెప్పనక్కర్లేదు. పైగా నగరానికి ఇప్పటికీ పూర్తి భూగర్భ డ్రైనేజీ లేదు. ఇళ్ల మురుగు సెప్టిక్ ట్యాంకుల నుంచి, మోరీల నుంచి అవే నాలాల్లో కలుస్తుంది. అందుకే సెల్లార్‌లోకి వచ్చిన వరదను వాన నీరనుకోవద్దు. నీరు పోయాక బ్లీచింగ్‌తో కడగాలి, తడిసిన అట్టపెట్టెలు, పరుపులు పారేయాలి.

వరంగల్ భూగర్భ డ్రైనేజీకి 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం 4,170 కోట్ల రూపాయలతో అనుమతి ఇచ్చింది. నయీంనగర్ నాలా మీది పాత వంతెనను కూల్చి అదే ఏడాది కొత్తది కట్టారు. వంతెన దగ్గర నీటికి దారి పెరిగింది. కానీ నాలా ఎక్కడ ఇరుగ్గా ఉందో అక్కడే ఆగుతుంది. మొంథా రోజుల్లో కనిపించింది అదే.

తోడిన నీటిని ఇంకుడు గుంతలోకి పంపితే సరిపోదా అని అడిగేవాళ్లున్నారు. ఇంకుడు గుంత మంచిదే, చట్టం కూడా కోరుతోంది. కానీ సెల్లార్ గోడకు ఆనుకుని తవ్విన గుంతలోకి సెల్లార్ నీరే పోస్తే అది మట్టిలోంచి తిరిగి అదే గోడకు వస్తుంది. మోటారు రోజంతా ఒకే నీటిని తిప్పుతూ ఉంటుంది. చెరువు దగ్గరి కాలనీల్లో వానాకాలంలో నేల నీరు ఎలాగూ పైకే ఉంటుంది, గుంతకు మింగే శక్తి ఉండదు. గుంతను ప్లాటుకు దూరపు మూలన, డాబా మీది నీటి కోసం వాడుకోవడం మేలు.

ప్యానెల్ ఎక్కడుంది

రాష్ట్రంలో అమల్లో ఉన్న 2012 భవన నియమావళి, అంటే జీవో 168, సెల్లార్‌ను పార్కింగ్ కోసం ఉద్దేశించింది. ఏసీ ప్లాంటు, జనరేటర్, విద్యుత్ పరికరాల వంటి అవసరాలకు పదో వంతు మించకుండా వాడుకోనిస్తుంది. మనుషులు ఉండే అవసరాలకు వాడకూడదు. హనుమకొండలో ఏ పెద్ద రోడ్డు మీద నడిచినా ఈ నిబంధన ఎంత నడుస్తోందో తెలుస్తుంది. ల్యాబులు, టిఫిన్ సెంటర్లు, జిమ్‌లు, ట్యూషన్లు మెట్లు దిగితే కనిపిస్తాయి. అక్కడ డీహ్యూమిడిఫయర్ పెట్టి గది పొడిగా చేసుకోవడం సౌకర్యమే. కానీ ఆ పొడి గది జనాన్ని ఉండకూడని చోట ఎక్కువసేపు కూర్చోబెడుతుంది. తనిఖీ చేయాల్సిన అధికారులు దుర్ఘటన జరిగిన వారం తర్వాత కాకుండా జూన్‌కు ముందే రావాలి.

నియమం పదో వంతు చోటును విద్యుత్ పరికరాలకు వదిలినా, మునిగే ఊళ్లో ఆ వెసులుబాటును వాడుకోకపోవడం మంచిది. వరద వస్తే విద్యుత్ సంస్థ ఎన్‌పీడీసీఎల్ ప్రాణరక్షణ కోసం ఆ ప్రాంతానికి సరఫరా ఆపుతుంది. ఆపాలి కూడా. అంటే మోటారు అత్యవసరమైన గంటలోనే కరెంటు ఉండదు. జనరేటర్ ఉందనుకుంటే అది సెల్లార్ మూలనే ఉంటుంది, ముందు మునిగేది అదే. జనరేటర్, మెయిన్ ప్యానెల్, మోటారు స్టార్టర్ మూడూ నేల మట్టానికి పైన ఉండేలా మార్పించుకోవడం మీ సెల్లార్ మీద పెట్టే ఖర్చులన్నింటిలో ముందు రావాలి. మోటారు లైనుకు 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. నీరు నిలిచిన సెల్లార్‌లోకి మెయిన్ ఆపకుండా ఎవరినీ, ముఖ్యంగా వాచ్‌మన్‌ను పంపొద్దు. మెయిన్ కూడా నీళ్లలోనే ఉంటే 1912కు ఫోన్ చేసి బయటి నుంచే సరఫరా ఆపించాలి. అద్దెకు తెచ్చిన డీజిల్ పంపును సెల్లార్ లోపల పెట్టి నడపొద్దు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మూసిన చోట నిమిషాల్లో మనిషిని పడేస్తుంది. పంపు రోడ్డు మీద ఉండాలి, పైపు మాత్రమే లోపలికి దిగాలి.